ఇసుకను రాయిగా మార్చేది ఏది?

ఎస్టోనియాలోనూ, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కలా నేల తవ్వితే నీలిరంగు బంకమట్టి ఒకటి తగులుతుంది. అది సముద్రం అడుగున పేరుకుని 50 కోట్ల ఏళ్లు దాటింది. డైనోసార్లు లేవు, చెట్లు లేవు, నేల మీద అడవి అన్న మాటే లేని రోజులవి. అయినా ఇవాళ ఆ మట్టిని తడిపి పిసికితే చేతిలో మెత్తగా ముద్దవుతుంది. ఇన్ని కోట్ల ఏళ్లు గడిచినా అది రాయి కాలేదు.

ఇక వెచ్చటి సముద్రాల ఒడ్డుకు వెళ్దాం. అల వచ్చి వెనక్కి పోయే చోట ఇసుక కొన్ని దశాబ్దాల్లోనే పలకలు పలకలుగా బిగుసుకుపోతుంది. దీన్ని బీచ్‌రాక్ అంటారు. సుత్తి పెట్టి కొడితే తప్ప విరగదు. మనుషులు పారేసిన గాజు సీసాలు కూడా అందులో ఇరుక్కుని కనిపించాయి. దాని మీద కొండంత బరువేమీ పడలేదు, అది భూగర్భంలోకి దిగిందీ లేదు.

అవక్షేప శిలల గురించి బడిలో నేను చదువుకున్నది మూడు ముక్కల్లో తేలిపోయేది. కొండలు అరుగుతాయి, నదులు ఆ మట్టిని మోసుకొస్తాయి, అది సముద్రంలో పొరలు పొరలుగా పేరుకుని పై బరువుకు రాయిగా మారుతుంది. పరీక్ష గట్టెక్కడానికి అది చాలింది. తప్పని కూడా అనను. కానీ బరువే రాయిని చేసేదైతే, కోట్ల ఏళ్ల మట్టి మెత్తగా ఎందుకు ఉండిపోయింది? ఒడ్డున ఇసుక ఎందుకు బిగిసింది? అసలు చిక్కంతా ఆ మూడో ముక్కలో ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు కొండ దగ్గర మొదలుపెట్టాలి.

గ్రానైట్ కొండనే తీసుకుందాం. అందులో ముఖ్యంగా ఉండే ఖనిజాలు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కొంచెం అభ్రకం. పగుళ్లలోకి దిగిన నీరు చలికి గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, పగులు ఇంకాస్త తెరుచుకుంటుంది. రాయి ముక్కలవడానికి ఇదొక దారి. అయితే ఎక్కువ పని చేసేది వాన. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి వాననీరు చాలా పలుచటి ఆమ్లంగా మారుతుంది. క్వార్ట్జ్ దానికి లొంగదు, ఇసుక రేణువుగా విడిపోతుంది అంతే. ఫెల్డ్‌స్పార్ మాత్రం నిలవలేదు. మెల్లగా కుళ్లిపోయి బంకమట్టి అవుతుంది, అందులోని కాల్షియం, సోడియం, పొటాషియం, కొంత సిలికా (క్వార్ట్జ్ తయారైనదీ ఈ పదార్థంతోనే) నీటిలో కలిసి వెళ్లిపోతాయి.

అంటే కొండ నుంచి బయలుదేరేవి మూడు: ఇసుక, బంకమట్టి, కంటికి కనిపించని ద్రావణం. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, కథను నడిపేది మాత్రం ఎక్కువగా అదే.

దారిలో నీళ్లు చేసే పని వేరు చేయడం. ఒక గాజు సీసాలో గుప్పెడు మట్టి, ముప్పాతిక వంతు నీళ్లు పోసి బాగా కుదిపి కదలకుండా పెట్టి చూడండి. గులకలు, ముతక ఇసుక చెయ్యి తీసేలోపే అడుగుకు చేరతాయి. సన్న ఇసుక నిమిషంలో దిగుతుంది. దాని మీద పిండిలాంటి ఒండ్రు పొర పడటానికి గంటలు పడుతుంది. మర్నాడు పొద్దున చూసినా పైన నీళ్లు ఇంకా మబ్బుగానే ఉంటాయి. ఆ మబ్బు బంకమట్టి. నదీ, సముద్రమూ కలిసి చేసే పనంతా ఈ సీసాలో ఉంది. వాగు వడి తగ్గే చోట గులకలు, మైదానంలో ఇసుక, సముద్రంలో ఒడ్డుకు దూరంగా, నీళ్లు నిలకడగా ఉన్న చోట బురద. భూవిజ్ఞానులు రేణువు సైజును బట్టే పేర్లు పెడతారు. 1922లో అమెరికా భూవిజ్ఞాని వెంట్‌వర్త్ ఖరారు చేసిన కొలతలే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: 2 మిల్లీమీటర్ల కంటే పెద్దవి గులకలు, అక్కడి నుంచి మిల్లీమీటరులో పదహారో వంతు దాకా ఇసుక, 256వ వంతు దాకా ఒండ్రు, అంతకన్నా సన్నవి బంకమట్టి.

ఇలాంటి సన్నటి రేణువు సైజు సగమైతే అది కిందికి దిగే వేగం సగం కాదు, నాలుగో వంతవుతుంది. ఈ లెక్కన మిల్లీమీటరులో వెయ్యో వంతున్న బంకమట్టి రేణువు 4 కిలోమీటర్ల లోతు సముద్రంలో అడుగుకు చేరడానికి వందేళ్లు దాటాలి. నిజంగా అంత పట్టదు. ఉప్పునీటిలో ఈ రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. నీళ్లలో తేలే చిన్నచిన్న జీవులు వాటిని మింగి గుళికల్లాంటి మలంగా వదులుతాయి, అవి గబగబా దిగిపోతాయి. మహాసముద్రాల అడుగు బురదలో కొంత భాగం ఎవరి పొట్టలోంచో వచ్చిందే!

బురదకు ఇంకో తిక్క కూడా ఉంది. సన్నటి రేణువును కదిలించడానికి తక్కువ వడి చాలు అనుకుంటాం కదా? స్వీడన్‌కు చెందిన యూల్‌స్ట్రోమ్ 1935లో ప్రచురించిన గ్రాఫ్ దీనికి ఎదురు చెబుతుంది. ఒకసారి అడుగున కుదురుకున్న బంకమట్టిని మళ్లీ లేపాలంటే సన్న ఇసుకను లేపేదానికన్నా ఎక్కువ వడి కావాలి, ఎందుకంటే దాని రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దిగడం కష్టం, దిగాక లేవడం ఇంకా కష్టం. భూమ్మీద ఉన్న అవక్షేప శిలల్లో సగానికి పైగా బురద నుంచి వచ్చినవే కావడానికి కొంత కారణం ఇదీ. ఎక్కువ కారణం, కొండలు కుళ్లితే వచ్చేదాంట్లో బంకమట్టే ఎక్కువ కావడం.

ఇలా చెబుతుంటే అంతా తాపీగా, రేణువు మీద రేణువు పడుతూ జరిగిపోతుందనిపిస్తుంది. ఒక్కోసారి అలా జరగదు. 1929 నవంబరు 18న ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణంగా, గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ ప్రాంతంలో అడుగున పరిచిన టెలిగ్రాఫ్ తీగలు 12 తెగిపోయాయి. భూకంప కేంద్రానికి దగ్గరున్నవి వెంటనే తెగాయి, అందులో వింతేమీ లేదు. దిగువన, లోతు సముద్రంలో ఉన్నవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, వరుసగా, 13 గంటలకు పైగా తెగుతూ పోయాయి. భూకంపం అంతసేపు ఉండదు కదా! ఈ ముడి విప్పడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1952లో బ్రూస్ హీజన్, మారిస్ యూయింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తీగలు తెగిన సమయాలను దూరాలతో సరిచూసి, వాలు మీదున్న మట్టి కదలి బురదనీటి వరదగా మారి సముద్రం అడుగున పరుగెత్తిందని తేల్చారు. తర్వాతి లెక్కల్లోనూ ఆ వేగం గంటకు 60 కిలోమీటర్లకు పైనే వచ్చింది.

ఇలాంటి వరద ఆగినప్పుడు ముందు ముతక ఇసుక, దాని మీద సన్న ఇసుక, ఆ పైన బురద, అన్నీ ఒకే విడతలో పడతాయి. సీసాలో చూసిందే, కాకపోతే వందల కిలోమీటర్ల మేర. ఆ తర్వాత మళ్లీ వరద వచ్చేదాకా పైనుంచి రాలే సన్నటి మట్టి ఒక్కటే పడుతుంది. లోతు సముద్రాల్లో కొన్నిచోట్ల అది వెయ్యేళ్లకు ఒక మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే ఇలా ఏర్పడిన రాతిలో జానెడు మందం ఉన్న ఇసుక పొర కొన్ని గంటల పని అయితే, దాని మీది వేలెడు బురద పొర కొన్ని వేల ఏళ్ల పని కావచ్చు. రాతి పొరల మందం చూసి కాలాన్ని అంచనా వేయబోతే బోల్తా పడేది ఇక్కడే.

సరే, మట్టి పడింది. పడినదంతా రాయి అవుతుందా? కాదు, చాలావరకు కాదు. నది ఒడ్డున వేసిన మేట వచ్చే వరదకు లేచిపోతుంది. తీరంలో పడిన ఇసుకను తుఫాను ఎత్తుకుపోతుంది. పడిన మట్టి నిలవాలంటే అది అలకూ, వరదకూ అందనంత కిందికి వెళ్లాలి. అంటే దాని కింద నేలే కుంగాలి. పటాల్లో సాధారణంగా ఈ కుంగడం కనిపించదు, గిన్నె ముందే సిద్ధంగా ఉన్నట్టు, మట్టి వచ్చి అందులో నిండినట్టు గీస్తారు.

కొన్నిచోట్ల వేల మీటర్ల మందం ఉన్న పొరల్లో అడుగు నుంచి పై దాకా లోతు లేని నీళ్ల గుర్తులే కనిపిస్తాయి: అలల చారలు, ఎండకు నెర్రెలిచ్చిన బురద, వానచినుకుల గుంటలు. మొదట లోతైన గొయ్యి ఉండి అది నిండి ఉంటే అడుగు పొరల్లో లోతు సముద్రపు గుర్తులు ఉండాలి. అవి లేవు. కాబట్టి మట్టి పడుతున్న కొద్దీ నేల దిగుతూ వచ్చిందన్నమాట, నీటి లోతు మాత్రం ఎప్పుడూ మోకాలి లోతో, నడుము లోతో. మట్టి బరువుకు కూడా నేల కొంత కుంగుతుంది గానీ ఆ ఒక్కదానితో అంత దూరం దిగదు. భూపటలం సాగి పలచబడటం, చల్లబడి బరువెక్కడం, పక్కన లేచిన పర్వతాల భారానికి వంగడం లాంటివి తోడవ్వాలి. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన మట్టి బంగాళాఖాతం అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది, కొన్నిచోట్ల దాని మందం 16 కిలోమీటర్ల దాకా ఉంది. ఎవరెస్టు ఎత్తు 9 కిలోమీటర్లకు లోపే. అవక్షేప శిలలు భూమిపై నేలలో దాదాపు ముప్పాతిక భాగాన్ని కప్పి ఉంటాయి, మొత్తం భూపటలంలో చూస్తే మాత్రం 5 శాతమే. పలచటి దుప్పటి, అక్కడక్కడ మాత్రం లోతైన జేబులు.

ఇలా కిందికి దిగాక అప్పుడు బరువు రంగంలోకి వస్తుంది. తాజా బురదలో 70, 80 శాతం నీళ్లే. పైన పొరలు పడేకొద్దీ ఆ నీరు పిండినట్టు బయటికి పోతుంది. బంకమట్టి రేణువులు గుండ్రంగా ఉండవు, పల్చటి రేకుల్లా ఉంటాయి. నీరు పోయేసరికి అవన్నీ కాగితాల దొంతరలా పక్కకు ఒరిగి పడుకుంటాయి. ఇలా బురద గట్టిపడి ఏర్పడే షేల్ అనే రాయి పొరలుగా విడివడేది అందుకే.

ఈ నలుగుడు ఎంతో కళ్లారా చూడాలంటే షేల్‌లో అక్కడక్కడ దొరికే గట్టి ఉండలను పగలగొట్టాలి. ఒక్కోసారి లోపల శంఖంలాంటి అమ్మోనైట్ శిలాజం ఉబ్బెత్తుగా, చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే పొరలో, ఉండకు జానెడు దూరంలో దొరికిన అదే జాతి అమ్మోనైట్ అప్పడంలా నలిగిపోయి ఉంటుంది. చుట్టూ ఉన్న సన్న పొరలు కూడా ఉండ దగ్గరికి వచ్చేసరికి దాని పైనుంచీ కిందనుంచీ వంగి పోతాయి. బురద ఇంకా మెత్తగా ఉండగానే ఆ కాస్త చోటు కాల్సైట్ అనే కాల్షియం కార్బొనేట్ ఖనిజంతో బిగుసుకుంది. ఆ తర్వాత పడిన బరువంతా దాని చుట్టూ ఉన్నదాన్ని నలిపింది, దాన్ని మాత్రం నలపలేకపోయింది. అంటే ఇక్కడ గట్టిపడటం ముందు జరిగింది, బరువు తర్వాత వచ్చింది.

ఇసుకది వేరే కథ. గట్టి గుండ్రటి రేణువులు కదా, ఎంత నొక్కినా వాటి మధ్య ఖాళీ కొంతే తగ్గుతుంది. ఇసుకరాయి ముక్కను భూతద్దం కింద పెడితే రేణువులు ఒకదానికొకటి అక్కడక్కడే తాకుతూ, మధ్యలో సందులు, ఆ సందుల్లో గాజులాంటి మెరుపో ఎర్రటి పూతో కనిపిస్తాయి. రాయి రాయిగా ఉన్నది ఆ పూత వల్లే. రేణువుల సందుల్లో తిరిగే నీరు తనలో కరిగిన సిలికానో, కాల్సైట్‌నో, ఇనుము ఆక్సైడ్‌నో అక్కడ వదులుతూ పోతే అది జిగురులా పట్టేస్తుంది. భూవిజ్ఞానులు కూడా దీన్ని సిమెంట్ అనే అంటారు. కొండ కుళ్లినప్పుడు ఎవరికీ కనిపించకుండా వెళ్లిపోయిన ద్రావణం ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. కేవలం బరువు వల్లే రేణువులు అతుక్కుని ఉంటే, పైనున్న పొరలన్నీ అరిగిపోయి రాయి బయటపడిన రోజున అది తిరిగి ఇసుకై రాలిపోవాలి.

మరి బరువుకు ఇసుకలో పనే లేదా? ఉంది, కానీ మనం అనుకునేది కాదు. నీటిలో సిలికా చాలా తక్కువగా కరుగుతుంది. ఒక సందును క్వార్ట్జ్‌తో నింపాలంటే ఆ సందులోంచి అంతే పరిమాణం నీళ్లు వేలకు వేల సార్లు మారాలి. అన్ని నీళ్లు లోతుల్లో ఎక్కడి నుంచి వస్తాయి? జవాబులో కొంత భాగం రేణువుల దగ్గరే ఉంది. రెండు రేణువులు ఒరుసుకునే చోట ఒత్తిడికి క్వార్ట్జ్ కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఆ కరిగింది పక్కనే ఒత్తిడి లేని సందులోకి వెళ్లి పేరుకుంటుంది. బరువు రేణువులను అతికించదు, అతికే జిగురును వాటినుంచే పిండుతుంది. ఈ పని చురుగ్గా సాగాలంటే 70, 80 డిగ్రీల వేడి దాటాలి. లోతు కిలోమీటరు పెరిగితే వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, మామూలుగా రెండు మూడు కిలోమీటర్లు దిగాల్సిందే. వేడి 200 డిగ్రీలు దాటిపోతే రాయి ఇక అవక్షేప శిలగా మిగలదు, రూపాంతర శిల అయ్యే దారి పడుతుంది.

ఇప్పుడు మొదటి చిక్కు విడిపోతుంది. బీచ్‌రాక్‌కు లోతు అక్కర్లేదు. వెచ్చటి సముద్రపు నీటిలో కాల్షియం కార్బొనేట్ ఎలాగూ నిండుగా ఉంటుంది, అల వెనక్కి పోయి నీరు ఆవిరయ్యేకొద్దీ అది ఇసుక సందుల్లో పేరుకుంటుంది. జిగురు చేతికందే చోటే ఉంది. ఎస్టోనియా బంకమట్టి మాత్రం ఎన్నడూ పెద్ద లోతుకు దిగలేదు, వేడి ఎరగదు, దానికి సరిపడా జిగురూ దొరకలేదు. కాలం ఒక్కటే ఉండి ఏం లాభం?

ఆ ద్రావణం రేణువులను అతికించడంతో ఊరుకోదు, కొన్నిచోట్ల రాయి మొత్తం అదే. సున్నపురాయిలో ఎక్కువ భాగం ఏదో ఒక ప్రాణి నీటిలోంచి కాల్షియం తీసుకుని కట్టుకున్న ఇల్లు. ఇంగ్లండ్‌లో డోవర్ దగ్గరి తెల్లటి సముద్రపు కొండల్ని చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, వాటిలో ఎక్కువ భాగం కంటికి ఆనని నాచు జీవుల ఒంటి పలకలే. ఒక్కో పలక సైజు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొన్ని రెట్లు, అంతే. వెయ్యేళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున పడుతూ వందల మీటర్లు అయ్యాయి. అయితే సముద్రంలో అన్ని లోతుల్లోనూ ఇవి మిగలవు. సుమారు 4, 5 కిలోమీటర్ల కింద నీరు చల్లగా, కార్బన్ డయాక్సైడ్‌తో బరువుగా ఉండి, రాలిన గుల్లల్ని కరిగించేస్తుంది. దానివల్ల సముద్రం అడుగున ఉన్న పర్వతాల శిఖరాలు తెల్లగా, లోయలు గోధుమరంగు మట్టితో కనిపిస్తాయి, మంచు కురిసిన కొండల్లాగే.

ఏ జీవీ తాకకుండా నీరు ఆవిరై మిగిల్చే రాళ్లు ఇంకో రకం. సముద్రపు నీరు ఎండుతుంటే సుమారు 80 శాతం పోయాక జిప్సం, 90 శాతం పోయాక ఉప్పు పడటం మొదలవుతాయి. 1970లో గ్లోమార్ చాలెంజర్ అనే నౌక మధ్యధరా సముద్రం అడుగున డ్రిల్లింగ్ చేస్తే ఇలాంటి పొరలే బయటపడ్డాయి. సుమారు 60 లక్షల నుంచి 53 లక్షల ఏళ్ల క్రితం మధ్య పడినవి, కొన్నిచోట్ల ఉప్పు కిలోమీటరుకు పైగా మందం. కానీ కిలోమీటరు లోతున్న సముద్రం పూర్తిగా ఎండినా మిగిలే ఉప్పు 15, 16 మీటర్లే. కాబట్టి ఒకసారి ఎండితే రాదు. అట్లాంటిక్ నుంచి నీరు వస్తూనే ఉండాలి, ఎండుతూనే ఉండాలి. సముద్రం నిజంగా ఎంత కిందికి దిగిపోయిందన్న దానిపై ఇంకా వాదనలు నడుస్తున్నాయి.

డోలమైట్ సంగతి మరీ విచిత్రం. సున్నపురాయికి బంధువు, అందులో మెగ్నీషియం కూడా ఉంటుంది. పాత రాళ్లలో కొండలు కొండలుగా ఉంది, ఇవాళ్టి సముద్రాల్లో మాత్రం దాదాపు ఏర్పడటం లేదు. అమెరికాలో ఒక పరిశోధకుడు డోలమైట్ ఏర్పడటానికి కావలసిన దానికి వెయ్యి రెట్లు గాఢమైన ద్రావణాన్ని 25 డిగ్రీల దగ్గర 32 ఏళ్లు ఉంచి చూశాడు. ఏమీ రాలేదు. 1998లో ఆ సంగతిని నిజాయితీగా పేపర్‌గా రాశాడు, నాకు బాగా నచ్చిన ఓటమి ఇది. 2023లో మిషిగన్, హొక్కైడో విశ్వవిద్యాలయాల బృందం ఒక దారి చూపింది. స్ఫటికం పెరిగేటప్పుడు తప్పుగా కూర్చున్న అణువులను మధ్యమధ్యలో కొంచెం కరిగించి కడిగేస్తుంటే పెరుగుదల సాఫీగా సాగుతుందట. ఎప్పుడూ నిండుగా ఉన్న ద్రావణం కన్నా, నిండుతూ పలచబడుతూ ఉండే నీరే మేలన్నమాట.

ఇంతదాకా పడినదాని గురించి మాట్లాడుకున్నాం. పొరకూ పొరకూ మధ్య ఉన్న గీత సంగతి మిగిలింది. కింది పొర ముందు పడింది, పైది తర్వాత పడింది, పడినప్పుడు రెండూ ఇంచుమించు అడ్డంగానే ఉన్నాయి. 1669లో డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలస్ స్టెనో ఈ మాటలు రాసేదాకా ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. 1788లో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ స్కాట్లండ్ తీరంలో సిక్కర్ పాయింట్ అనే చోటికి పడవలో వెళ్లి, నిలువుగా లేచి ఉన్న బూడిదరంగు పొరల మీద ఎర్ర ఇసుకరాయి దాదాపు అడ్డంగా పరుచుకుని ఉండటం చూశాడు. కిందివి నిలబడాలంటే ముందు అడ్డంగా పడి, గట్టిపడి, ముడతపడి, నీటి పైకి లేచి, తల అరిగిపోయి, మళ్లీ కిందికి దిగి ఉండాలి. అప్పుడే వాటి మీద ఎర్ర ఇసుక పడుతుంది. ఇదంతా అక్కడ కనిపించేది ఒక్క గీతగానే, ఇప్పటి లెక్కలో ఆ గీత విలువ సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ అడుగున ఇలాంటిదే ఒక గీత ఉంది. దాని కింద 170 కోట్ల ఏళ్ల రాయి, పైన 50 కోట్ల ఏళ్ల ఇసుకరాయి. అరచెయ్యి అడ్డంగా పెడితే బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య నూరు కోట్ల ఏళ్లకు పైగా పోయినట్టే.

కాబట్టి 'ఈ రాయి వయసెంత' అని అడిగితే భూవిజ్ఞాని వెంటనే జవాబు చెప్పకపోవడం తెలియక కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ అనే చోట గులకరాళ్లు, ఇసుక కలిసి గట్టిపడిన రాయి ఉంది, తర్వాత వేడికి కొంత మారింది కూడా. అది మేటగా పడి సుమారు 300 కోట్ల ఏళ్లయింది. అందులో ఇసుకతోపాటు చేరిన, జిర్కాన్ అనే గట్టి ఖనిజపు రేణువుల్లో కొన్ని వెంట్రుక మందానికి కాస్త ఎక్కువ ఉంటాయి, అంతే. వాటిలో ఒకదాని వయసు 440 కోట్ల ఏళ్లుగా తేలింది. అది పుట్టిన రాయి ఇప్పుడు భూమ్మీద ఎక్కడా దొరకడం లేదు. అరిగిపోయింది, కొట్టుకుపోయింది, లేదా కరిగిపోయింది. మిగిలింది ఆ రేణువు, దాని చుట్టూ పట్టిన జిగురు.